హైనో కోసం, తాత్కాలికం

టాంపెరె
ఫిబ్రవరి 6, సోమవారం

పరమ పూజ్యురాలు, ప్రస్తుతం బోర్లా పడుకుని లోకాన్ని పాలిస్తున్న రాకెల్ పెద్దమ్మకు,

ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందు నీకూ, మయాక్కా సముద్రపటం ప్రాజెక్టుకూ, బాల్టిక్ సముద్రానికీ, అందులోని సమస్త జలచరాలకూ నేను బేషరతుగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. నీ కంటి వెనక పొర ఊడినందుకు క్షమించు. ఈ ఏడు చలి ఆలస్యంగా వచ్చినందుకు క్షమించు. ఆపరేషన్ రోజున అమ్మ చేసి పంపిన ఏలకుల బన్నులో ఏలకులు లేనందుకు క్షమించు. నా చేతిరాతకు మరీ మరీ క్షమించు. ఇది రాత కాదు, పుట్టి బుద్ధెరిగాక కీబోర్డు తప్ప ఎరగని ఒక చెయ్యి పెడుతున్న ఆర్తనాదం. వీటిలో ఏ ఒక్కటీ నేను చేసింది కాదు. అయినా వంశంలో ఎవరో ఒకరు మర్యాదగా ఉండాలి కదా.

ఈ ఉత్తరం నీకు పైకి చదివి వినిపిస్తున్న పక్కింటి గున్నెల్ గారికి నా నమస్కారాలు. గున్నెల్ గారూ, ఇక్కణ్ణుంచి గొంతు కొంచెం గంభీరంగా పెట్టండి.

డాక్టరు నిన్ను ఎనిమిది వారాలు తెర చూడొద్దన్నాడు. నువ్వేమో ఫోన్ మోగితే మయాక్కా గురించి అడక్కుండా ఉండలేనని దాన్ని కూడా డ్రాయర్లో పడేశావు. కోర్‌ను నాకు అప్పగించి నౌవో ద్వీపానికి వెళ్లిపోయావు. కోర్, అంటే గున్నెల్ గారూ, పటం మొత్తానికి గుండెకాయ లాంటి ప్రోగ్రాం, క్షేమం. నాలుగువందల మంది పనివాళ్లూ క్షేమం. గాలి మాడ్యూల్ చూసే నార్వే ఆవిడకు చేపల మాడ్యూల్ ఎవరు రాస్తున్నారో ఇప్పటికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. నువ్వు నాకు పన్నెండేళ్లప్పుడే చెప్పిన సూత్రం అదే: మాడ్యూల్ గుమ్మం బయట నిలబడి అడగాలి, కోర్ లోపల్నుంచి ఇవ్వాలి, ఎవరూ ఎవరి వంటింట్లోకీ రాకూడదు. అప్పుడే మొహాలు చూసుకోని మనుషులు పంతొమ్మిది దేశాల్లో కూర్చుని ఒకే సముద్రపటం గీయగలరు. నేను ఈ ఒక్క మాట మీద నూట నలభై పేజీల థీసిస్ రాసి పట్టా పుచ్చుకున్నాను. నువ్వు దాన్ని ఒక వాక్యంలో చెప్పేశావన్న సంగతి మా ప్రొఫెసర్‌కి తెలియనివ్వలేదు.

అటువంటి నీ కోర్‌లో, పెద్దమ్మా, నేను ఒక దొడ్డిదారి కనిపెట్టాను! లోతుల పట్టిక పక్కనే. మంచు మాడ్యూల్ గుమ్మం దాకా రాకుండా ఆ దారిన లోపలికొచ్చి అంకెలు తీసుకుపోతోంది, ఏదో తన పుట్టిల్లయినట్టు. పైన నువ్వే రాసి, చివర నీ పేరులో మొదటి అక్షరం పెట్టిన మాటలు: "హైనో కోసం. తాత్కాలికం. రా." తేదీ చూస్తే పదకొండేళ్ల కిందటిది. తాత్కాలికం అంటే మన ఇంట్లో పదకొండేళ్లా?

దాన్ని తీసేస్తానని ప్రతిపాదన పెట్టాను. కోర్‌లో అక్షరం మారాలన్నా ఇద్దరి సంతకం ఉండాలి కదా, ఒకటి నాది. రెండోది మంచు మాడ్యూల్ యజమాని హైనో పెడతాడనుకున్నాను. ఎస్టోనియాలోని ప్యార్ను నుంచి ఆయన జవాబు ఇదిగో, అక్షరం పొల్లుపోకుండా: "వద్దు. రాకెల్ వచ్చాక చూద్దాం. మంచుకాలంలో మంచుతో ఆటలొద్దు, అబ్బాయ్." నాలుగువందల మంది చదివే చోట అబ్బాయ్ అన్నాడు! ఇరవై నాలుగేళ్లవాణ్ణి!

నీ సూత్రమే, నీ కోర్. తీసెయ్యమంటావా? ఒక్క మాట రాయించు.

ఇట్లు,
నీ చెల్లెలి కొడుకు, ఎనిమిది వారాల ఏలిక,
ఈలిస్


నౌవో
ఫిబ్రవరి 11, శనివారం

ఒరేయ్ ఈలిస్,

అక్షరాలు ఇంతింత లావున ఉన్నాయని నవ్వకు. మందపాటి మార్కరుతో, నేల మీద కాగితం పెట్టి, మంచం అంచు నుంచి తల వేలాడేసి రాస్తున్నాను. రోజంతా మొహం కిందికే పెట్టాలి. మా ఇంటి చెక్కనేలలో ఎన్ని కణుపులున్నాయో ఇప్పుడు నన్నడుగు.

నీ ఉత్తరం గున్నెల్ చదివింది. క్షమాపణల దగ్గర పగలబడి నవ్వి, "మీ వాడు పాస్టరు కావాల్సినవాడు" అంది. ఆ తర్వాత కోర్, మాడ్యూల్, పట్టిక అని మొదలయ్యేసరికి ఆవిడ గొంతు నీరసించిపోయింది. "రాకెల్, ఈ రెండు పేజీలూ ట్రాక్టరు మాన్యువల్‌లా ఉన్నాయి, దాటేస్తున్నా" అని దాటేసింది. నేను గట్టిగా చెప్పలేదు. ఆవిడ కాఫీ తాగే వేళకు వచ్చి, నా వంటా తనే చేసి, పొయ్యిలోకి కట్టెలు కూడా తెచ్చిపెడుతోంది. ఆవిడ చేత కోర్ గురించి చదివించడం పాపం.

చివర్లో ఏదో అనుమతి అడిగావట. ఏదైనా కానీ, ఇద్దరు సంతకం పెడితే కానివ్వు. నియమం ఉన్నది నేను లేనప్పుడు పని నడవడానికే. నాకు చెప్పి చెయ్యాలనుకుంటే ఇక నియమం దేనికి?

హైనోకి ఒక కార్డు రాశాను. ఆయనతో మర్యాదగా ఉండు. ఆయన మాటే పొడి, మనిషి పొడి కాదు. టాంపెరెలో చేసే ఆ నల్ల సాసేజీ తింటూ కీబోర్డు ముట్టుకోకు.

పెద్దమ్మ


టాంపెరె
ఫిబ్రవరి 20, సోమవారం

మహాఘనత వహించిన పెద్దమ్మకు, మధ్య పేజీలు దాటేసే హక్కు గల గున్నెల్ గారికి,

జయము జయము! నీ అనుమతి ప్రకారం, నీ సూత్రం ప్రకారం, ఇద్దరి సంతకాలతో, మొన్న శుక్రవారం నాడు దొడ్డిదారికి ఇటుకలు పెట్టి మూసేశాను. కోర్ ఇప్పుడు తుడిచిన అద్దంలా ఉంది. అందులో ఏ మాడ్యూల్ పేరూ లేదు, ఏ మనిషి పేరూ లేదు. కట్టు విప్పాక నువ్వు మొట్టమొదట చూడవలసిన దృశ్యం అదే. కానుక అనుకో.

మంచు మాడ్యూల్ కాస్త అలిగింది. అలుగుతుందని ముందే అనుకున్నాను. పదకొండేళ్లు వంటింట్లో తిని బతికినదాన్ని గుమ్మం ముందు వరసలో నిలబడమంటే అలగదా? గుమ్మం దగ్గర ఎలా అడగాలో వివరంగా, బొమ్మలు వేసి మరీ, నాలుగు పేజీలు రాసి హైనో గారికి పంపాను. ఇంకా జవాబు రాలేదు. చదువుతున్నట్టున్నాడు.

నిన్న అమ్మతో కలిసి సరస్సు మీద నడిచాను. అమ్మ అడిగింది, "నువ్వు చేసే పనేంట్రా అసలు?" అని. "అమ్మా, నాలుగువందల మందిని ఒకళ్ల జోలికి ఒకళ్లు పోకుండా చూడ్డం" అన్నాను. "మీ పెద్దమ్మకి సరిపోయిన ఉద్యోగమే" అంది. ఇది నీకు చెప్పొద్దంది.

ఇట్లు,
ఇటుకల మేస్త్రి,
ఈలిస్


నౌవో
ఫిబ్రవరి 25, శనివారం

ఈలిస్,

దొడ్డిదారి అంటే ఏ దొడ్డిదారి?

నీ రెండో ఉత్తరం వినగానే మొదటిది మళ్లీ తీయించి, గున్నెల్‌ని బతిమాలి, ఆ దాటేసిన రెండు పేజీలూ చదివించుకున్నాను. ఆవిడ ఒక్కో వాక్యానికీ ఆగి నన్ను చూస్తూ చదివింది. అయ్యాక, "తప్పు నాదేనా?" అని అడిగింది. కాదన్నాను. నీదీ కాదు, నాదే. ఏది అడిగావో తెలియకుండా సరే అన్నదాన్ని నేను.

ఆ వాక్యం సంగతి నీకు చెప్పాల్సింది. పదకొండేళ్ల కిందట కోర్ మొత్తం తిరగరాశాం. మాడ్యూళ్లన్నీ కొత్త గుమ్మానికి మారాలని గడువు పెట్టింది నేనే. అందరూ మారారు, హైనో తప్ప. ఆ శీతాకాలం ఆయన భార్య లూలెకి మొదటిసారి జబ్బు చేసింది. తార్తు ఆస్పత్రిలో ఆవిడ పక్కన కూర్చుని, మంచు అంకెలు చేత్తో సరిచేసేవాడు. గడువు పెంచమని నన్ను అడగలేదు. అడిగే మనిషి కాదు. నేనే ఆ దారి తెరిచి, ఆ మూడు మాటలు రాసి, "తీరికయ్యాక మారుద్దువుగానీ" అన్నాను. తర్వాత ఆవిడ కోలుకుంది, ఆయనకు పడవ కట్టే పని పట్టింది, ఆ మాట నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. అంత పెద్ద కోర్‌లో నేను నియమం తప్పిన చోటు అదొక్కటే. సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడటం లేదు.

లూలె పోయిన నెల చనిపోయింది. జనవరి ఇరవైన ప్యార్నులో మట్టి చేశారు. ఆ గంటకు నేను ఆపరేషన్ బల్ల మీద ఉన్నాను. ఆయన మన జాబితాలో ఎవరికీ చెప్పుకోలేదు, నాకొక్కదానికే కబురు పంపాడు. నేను వెళ్లలేదు. గున్నెల్ చేత మూడు కార్డులు వేయించాను, ఒక్కదానికీ బదులు లేదు. పద్దెనిమిదేళ్లలో ఆయన నాకు బదులివ్వకపోవడం ఇదే మొదటిసారి. రాకపోయినందుకు కోపం వచ్చినట్టుంది. కోపం రావాల్సిందే.

రెండో సంతకం ఎవరిది? హైనోదే అయ్యుంటుందని నా మనసు చెబుతోంది. మొదట వద్దన్నా, ఆలోచించుకుని తనే పెట్టి ఉంటాడు. అలాగైతే చింత లేదు, ఆయన ఇష్టమే కదా. అదొక్కటీ రాయి. మిగతా జోకులు తర్వాత.

పెద్దమ్మ


టాంపెరె
మార్చి 3, శుక్రవారం

ప్రియమైన పెద్దమ్మకు,

లూలె గారి సంగతి నాకు తెలియదు. నిజంగా తెలియదు. 

జరిగింది ఉన్నదున్నట్టు చెబుతాను. పోయిన ఉత్తరంలో "కాస్త అలిగింది" అని రాశాను. కాస్త కాదు. శనివారం పొద్దున్నే జనం ఫోన్లు తెరిచేసరికి పటం మీద మంచు ఉండాల్సిన చోట తెల్ల కాగితం ఉంది. మందం లేదు, పగుళ్లు లేవు, ఏమీ లేదు. కిహ్ను ద్వీపానికి మంచు మీది దారిన రొట్టెలు తీసుకెళ్లే బండి ఒడ్డునే ఆగిపోయింది. మూడు రోజులు. ఎవరికీ ఏమీ కాలేదు, అది మాత్రం దేవుడి దయ. జనం తిట్లన్నీ హైనోకి వెళ్లాయి. తెర మీద ఉండేది మాడ్యూల్ పేరు, కోర్ పేరు కాదు కదా. గుమ్మానికి బయట నిలబడ్డవాడే దొరుకుతాడు, ఇది నా థీసిస్‌లో లేదు.

ఆ మూడు రోజులూ ఆయనేం చేశాడో తెలుసా? అరవై మూడేళ్ల మనిషి, బెజ్జాలు తొలిచే బర్మా భుజాన వేసుకుని మంచు మీదికి నడిచి, కిలోమీటరుకొక బెజ్జం వేసి, కొలబద్దతో కొలిచి, ఆ అంకెలు కాగితం మీద రాసి ఫొటో తీసి జనానికి పంపాడు. ఒక ఫొటోలో ఆయన చేతి తొడుగు అంచు కనబడుతోంది. ఫొటో మసకగా వచ్చింది.

సోమవారం సాయంత్రానికి దారి తిరిగి తెరిచాను. నార్వే ఆవిడ రెండో సంతకం పెట్టింది, పెడుతూ నాకు ఒక వాక్యం రాసింది, అది గున్నెల్ గారు పైకి చదవలేరు. మంచు మాడ్యూల్ మళ్లీ నడుస్తోంది. కానీ హైనో లేడు. వేరు కాపురం పెట్టాడు, పెద్దమ్మా. మయాక్కా మొత్తానికి నకలు తీసుకుని, ఎస్టోనియా వాళ్లనీ లాట్వియా వాళ్లనీ ముప్ఫై మందిని వెంట పెట్టుకుని, తన సొంత పటం మొదలుపెట్టాడు. మా అందరికీ చెప్పింది ఏమీ లేదు. గొడవ లేదు, తిట్టు లేదు.

నీ మీద కోపం గురించి అడిగావు. అంత్యక్రియలకు రాలేదనే కావచ్చు. మనుషులు అలాంటివి మనసులో పెట్టుకుంటారు కదా.

రెండో సంతకం ఒక పాత చెయ్యి పెట్టింది. హైనో కాదు. కలిసినప్పుడు చెబుతాను.

నీ
ఈలిస్


నౌవో
మార్చి 9, గురువారం

ఈలిస్ నాన్నా,

ఇది నా కంటితో నేనే చూస్తూ రాస్తున్నాను. కట్టు తీశారు. కంట్లో వేసిన గాలిబుడగ కిందికి జారి చిన్నదయింది, గ్లాసు అడుగున మిగిలిన నీళ్లలా ఊగుతోంది. నీ ఉత్తరం కూడా నేనే, భూతద్దం పెట్టుకుని, ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను. గున్నెల్ పక్కనే కూర్చుని, "ఈసారి పైకి చదవవా?" అని అలిగింది.

నిన్ను తిట్టాలనిపించడం లేదు. నువ్వు నియమం ప్రకారం నడిచావు. నేను తప్పిన చోటు నీకు చెప్పలేదు, ఇంత పెద్ద ఇల్లు కట్టి ఒక గోడలో కన్నం ఎందుకుందో పిల్లలకు చెప్పకుండా వెళ్లిపోయాను. కోర్‌కు మనుషుల పేర్లు తెలియకూడదని అందరికీ నేర్పిందాన్ని నేనే కదా. ఎవరో ఒకరు దాన్ని నిజమని నమ్ముతారని అనుకోలేదు.

ఇప్పుడు విను. వచ్చే గురువారం, పదహారున, హెల్సింకి వెళ్లి తాలిన్ ఓడ ఎక్కుతున్నాను. అక్కణ్ణుంచి బస్సులో ప్యార్ను. విమానం వద్దన్నాడు డాక్టరు, ఓడ పరవాలేదన్నాడు. గున్నెల్ నల్ల రొట్టె రెండు కాల్చిస్తానంది, పొగబెట్టిన చేప నేను తీసుకెళ్తాను. హైనో గుమ్మం ముందు నిలబడి, లూలెని సాగనంపడానికి రానందుకు తప్పయిందని చెబుతాను. ఆయన లోపలికి రమ్మంటే వెళ్తాను, లేకపోతే సమాధి చూసి తిరిగొస్తాను. ముప్ఫై మంది వెళ్లిపోవడం మాట అటుంచు. పద్దెనిమిదేళ్ల మనిషి. ఆయన్ని నేను కళ్లారా చూసింది మొత్తం ఐదుసార్లు. అయినా రోజూ పొద్దున్నే ఆయన రాసినది చదివాకే నా కాఫీ.

ఇంకొకటి నిర్ణయించుకున్నాను. తిరిగొచ్చాక మయాక్కా వదిలేస్తాను. కోర్ ఎవరికివ్వాలో మీరే తేల్చుకోండి. ఒక మనిషి దుఃఖంలో ఉన్నప్పుడు పక్కన నిలబడలేనిదాన్ని, నాలుగువందల మందికి పెద్దనని ఎలా చెప్పుకోను?

ఆ పాత చెయ్యి ఎవరో ఇంకా చెప్పలేదు. చెప్పకపోతే మానె. నా పేరున సంతకం పెట్టే తాళంచెవి నీ దగ్గరే ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఈ మందుల మత్తులో నేనే పెట్టానేమోనని అనుమానం వచ్చేది.

వచ్చేటప్పుడు నీకేం తేను? ఎస్టోనియా బాదం మిఠాయి ఇష్టం కదా నీకు.

పెద్దమ్మ


టాంపెరె
మార్చి 12, ఆదివారం

పెద్దమ్మా,

ఈ ఉత్తరం పోస్టులో వేయను. రేపు మొదటి బస్సుకు బయల్దేరి నేనే తెస్తున్నాను. నువ్వు చదువుతున్నంతసేపూ నీ వసారాలో నిలబడి ఉంటాను. చదివాక పిలిస్తే వస్తాను. పిలవకపోతే మూడింటికి తిరుగు బస్సుంది. ఎదురుగా నిలబడి నోటితో చెప్పొచ్చు కదా అంటావు. నోరు తెరిస్తే జోకు వేస్తానని భయం.

నువ్వు ప్యార్ను వెళ్లు. కానీ అంత్యక్రియలకు రానందుకు తప్పయిందని చెప్పడానికి కాదు. హైనో కోపానికి దానితో సంబంధం లేదు. అది నాకు మూడో తారీఖు ఉత్తరం రాసేటప్పుడే తెలుసు. తెలిసే, "అదే కావచ్చు" అని రాశాను. నువ్వు ఆ మాట నమ్మి ఓడ టికెట్ కొన్నావు.

ఆయన వెళ్లేటప్పుడు ఏమీ చెప్పలేదన్నాను. చెప్పాడు. ఫిబ్రవరి పద్దెనిమిది పొద్దున, తిట్లు రావడం మొదలయ్యాక, నా ప్రతిపాదన కింద ఇలా రాశాడు: "ఎవరు సంతకం పెట్టారో ఇప్పుడే చూశాను. రాకెల్‌కి ఇది సరైనదనిపించిందంటే నాకు ఇక్కడ మాట్లాడేదేమీ లేదు. ఆమె ఒక్క మాట ముందు చెప్పి ఉంటే వారం రోజుల్లో నేనే మార్చుకునేవాణ్ణి." అంతే. ఆ తర్వాత బర్మా తీసుకుని మంచు మీదికి వెళ్లాడు. భార్యను మట్టి చేసి నెల తిరగలేదు. నువ్వు పంపిన కార్డులు చేరాయో లేదో నాకు తెలియదు. చేరితే మాత్రం, ఒక చేత్తో తనను బయటికి నెట్టి ఇంకో చేత్తో పరామర్శ రాసిన మనిషివనుకుని ఉంటాడు నిన్ను.

ఆ మాట చదవగానే నిజం చెప్పాల్సింది. అదే పేజీలో, నాలుగువందల మంది ముందు. మూడు వారాలు రోజూ పొద్దున దాన్ని తెరిచి, జవాబు మొదలుపెట్టి, చెరిపేశాను. ఈ రోజు పొద్దున చెరపకుండా పంపాను. హైనోకి విడిగా కూడా రాశాను. బదులు రాలేదు, రావాలని లేదు. కోర్ మీద నాకున్న అధికారాలు తీసెయ్యమని నార్వే ఆవిడకు చెప్పాను, పది నిమిషాల్లో తీసేసింది. నువ్వు మయాక్కా వదలాల్సిన పనేమీ లేదు. వదలాల్సినవాణ్ణి నేను, వదిలేశాను.

ఇక నేను చేసింది.

ప్రతిపాదన పెట్టి పన్నెండు రోజులైంది. ఎవరూ రెండో సంతకం పెట్టలేదు. అందరూ హైనో వైపే చూస్తున్నారు, హైనో నీ వైపు చూస్తున్నాడు. శుక్రవారం రాత్రి పదకొండు దాటాక లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాను. డాక్టరు మాట మీరకుండా, నేనడిగినా నాకివ్వకు అని చెప్పి నువ్వు నా చేతిలో పెట్టిన నీ సంతకం తాళంచెవి కోటు జేబులో ఉంది. బొటనవేలంత వస్తువు, నీలం తాడు. దాన్ని తీసి కంప్యూటర్‌కి పెట్టాను. "రాకెల్‌గా సంతకం చేయాలా?" అని అడిగింది. అవునని నొక్కాను.

ఈలిస్